లైటు వెలిగిందన్న మాట

జూన్ 2, సోమవారం

ఈయన ఇవాళ డ్యూటీలో చేరారు. ఖాకీ చొక్కా నేనే ఇస్త్రీ చేసి ఇచ్చాను, అత్తయ్య క్యారేజీ కట్టింది. ఈయన నడిపే బస్సు సైకిలుకు తగిలిన ప్రమాదం మీద విచారణ అయిపోయింది. సైకిలు మీద వెళ్తున్న ఆ ముసలి టైలరే చెయ్యి చూపించకుండా మలుపు తిరిగాడనీ, బస్సు డ్రైవరు తప్పేమీ లేదనీ రాసి ఫైలు మూసేశారు. టైలర్‌కు కాలు విరిగింది గానీ ప్రాణానికి భయం లేదు. నెల రోజుల పీడ విరగడైంది.

నేను డిపోకు రాసిచ్చిన కాగితం సంగతి ఇక్కడ రాయను.

జూన్ 4, బుధవారం

పొద్దున మన కారు స్టార్ట్ కాలేదట. సిటీ బస్సెక్కి డిపోకు వెళ్ళారట. బస్సు నడిపే మనిషి బస్సు కోసం నిలబడ్డారన్నమాట అని నవ్వాను. ఈయన నవ్వలేదు. కారు సంగతి వదిలేయమన్నారు.

వదిలేయడమేమిటి? పద్దెనిమిదేళ్ళుగా ఊళ్ళో వాళ్ళ బండ్ల కరెంటు రోగాలు కుదురుస్తున్నాను. ఇంటి బండే మొండికేస్తే రేపు షెడ్డులో తలెత్తుకోగలనా? సెల్లార్‌లోకి దిగి బ్యాటరీ చూశాను. పూర్తిగా పడిపోయి ఉంది. ఛార్జింగ్ పెట్టాను.

జూన్ 5, గురువారం

మళ్ళీ పడిపోయింది.

జూన్ 7, శనివారం

సెలవు పెట్టి పొద్దుటి నుంచి బండి దగ్గరే కూర్చున్నాను. కొత్త బ్యాటరీ వేశాను. ఇంజిన్ నడుస్తుండగా ఛార్జింగ్ పద్నాలుగు వోల్టుల పైనే వస్తోంది, కాబట్టి ఆల్టర్నేటర్ బాగానే ఉంది. ఇక మిగిలింది దొంగ కరెంటు. తాళం తీసేసినా ఎక్కడో ఒక చోట వైరో, రిలేయో రహస్యంగా బ్యాటరీని తాగుతూ ఉంటుంది. మీటరు తగిలించి, తలుపులన్నీ మూసి, బండి నిద్రపోయేదాకా అరగంట ఆగాను. ఇరవై ఎనిమిది మిల్లీ ఆంపియర్లు. అంత కరెంటు మంచి బండికీ కావాలి. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకి చూశాను. ఏ ఫ్యూజు దగ్గరా దొంగ దొరకలేదు.

వాచ్‌మన్ వచ్చి పక్కన నిలబడి, "బండికి ఏం కాలేదక్కా, ఊరికే అలసిపోతున్నారు," అన్నాడు. బండి గురించి వీడికేం తెలుసని ఒళ్ళు మండింది. నీ గేటు నువ్వు చూసుకో అన్నాను. అలా అనకుండా ఉండాల్సింది.

డ్యూటీ మధ్యాహ్నమేనంటూ ఇంట్లోనే ఉన్న ఈయన, బాల్కనీలోంచి చాలాసేపు నన్నే చూస్తూ ఉన్నారు. కిందికి రాలేదు.

జూన్ 8, ఆదివారం

ఆడపడుచు ఇంటికి వెళ్ళొచ్చాం. కారు తాళాలు నా చేతికిచ్చి, నన్నే నడపమన్నారు. కళ్ళు మండుతున్నాయట. దారిలో ఎవరో సైకిలు మీద అడ్డం వస్తే, పక్క సీట్లో కూర్చున్న ఈయన కుడికాలు నేలను గట్టిగా తొక్కింది. అక్కడ బ్రేకు లేదు. చూడనట్టే ఊరుకున్నాను.

ఆ మలుపు మీదుగా వెళ్ళొద్దన్నారు. ట్రాఫిక్ ఉంటుందట, ఆదివారం పూట.

జూన్ 11, బుధవారం

కొత్త బ్యాటరీ కూడా పడిపోయింది. షెడ్డు నుంచి స్కానర్ తెచ్చి తగిలించాను. బండి తన లోపాలను నమోదు చేసుకునే కోడ్లు, మొత్తం పదకొండు. చూసి కంగారు పడాల్సిన పనిలేదు. వోల్టేజీ పడిపోతే బండిలో ఒక్కో భాగమూ పక్కవాడి మీద చాడీలు చెబుతుంది. బ్రేకు వాడు పలకడం లేదని స్టీరింగ్ వాడంటాడు, ఇంజిన్ వాడే పలకడం లేదని బ్రేకు వాడంటాడు. ఉమ్మడి కాపురంలో తగువులాంటిదే, అన్నింటికీ మూలం ఒక్కటే ఉంటుంది. ఇక్కడ మూలం పి 0562, వోల్టేజీ తక్కువ.

కోడ్ పడిన ప్రతిసారీ అప్పటి పరిస్థితి కూడా బండి దాచుకుంటుంది. సోమవారం ఉదయం పదకొండు దాటాక, తాళం ఆన్‌లో ఉంది, ఇంజిన్ నడవడం లేదు, కిలోమీటర్లు 61,446. మంగళవారం, తాళం ఆన్, ఇంజిన్ లేదు, 61,446. బుధవారం కూడా 61,446.

డిపో ఇక్కడికి పన్నెండు కిలోమీటర్లు. ఈయన సోమ, మంగళవారాలు కారులోనే వెళ్ళొచ్చానన్నారు.

కిలోమీటర్లు చూపించే మీటరు బోర్డు పాడైంది. అంకె కదలకుండా బిగుసుకుపోయింది. పాత బండ్లలో ఇది మామూలే.

జూన్ 12, గురువారం

కారును షెడ్డుకు తోలుకెళ్ళాను. ఇంటి నుంచి ఆరు కిలోమీటర్లు, మీటరు సరిగ్గా ఆరు తిరిగింది. అంటే ఒకసారి పనిచేసి ఒకసారి చేయని రకం. ఈ రకమే ప్రాణం తీస్తుంది.

జూన్ 13, శుక్రవారం

పాత సామాన్ల కొట్టులో అదే మోడల్ మీటరు బోర్డు దొరికితే తెచ్చి బిగించాను. మేస్త్రి అంతా చూస్తూ బీడీ కాల్చుకుంటున్నాడు. షెడ్డు ఆయనదే. నాకు పని నేర్పింది కూడా ఆయనే. ఎందుకు మారుస్తున్నావని అడిగితే, అంకె కదలడం లేదన్నాను. నిన్న కదిలిందిగా అన్నాడు. ఒక్కోసారి కదలదు అన్నాను. నా మొహం కేసి చూసి, బీడీ ఆర్పేసి, లోపలికెళ్ళిపోయాడు.

జూన్ 16, సోమవారం

మార్చిన బోర్డులోనూ అంతే. శనివారం సాయంత్రం సెల్లార్‌లో పెట్టినప్పుడు ఎంత ఉందో ఇవాళ కోడ్ పడినప్పుడూ అంతే ఉంది. పెట్రోలు ముల్లు కూడా వెంట్రుకవాసి కదల్లేదు.

రాత్రి అన్నం తింటూ, ఇవాళ ఏ రూటు వేశారని అడిగాను. మార్కెట్ రూటే అన్నారు. రద్దీగా ఉందా అంటే ఉందన్నారు. క్యారేజీ ఖాళీగానే తెచ్చారు. అత్తయ్యకు అది చాలు.

జూన్ 17, మంగళవారం

పొద్దున మేస్త్రికి అంతా చెప్పాను. వైర్ల కట్ట మొత్తం విప్పుదామనుకుంటున్నానన్నాను.

"విప్పకు అమ్మాయ్. రెండు మీటర్లు ఒకే అబద్ధం చెప్పవు. బండి కదల్లేదు, అంతే," అన్నాడు.

చేతిలో ఉన్న స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసి బయటికొచ్చేశాను. ఆయనకు వయసు మీద పడింది, కొత్త బండ్లు తెలియవు అనుకుంటూనే బస్సెక్కాను. ఇంటికి వెళ్ళేసరికి పదకొండున్నర.

సెల్లార్‌లో మూలనున్న కారులో ఈయన కూర్చుని ఉన్నారు. ఖాకీ చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని. రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉన్నాయి. లోపల ఫ్యాను తిరుగుతోంది, రేడియోలో ఎవరో పంటల ధరలు చదువుతున్నారు. పక్క సీట్లో క్యారేజీ. ఎదురుగా గోడ తప్ప ఏమీ లేదు. ఆ గోడనే చూస్తున్నారు.

నేను స్తంభం వెనక ఆగిపోయాను. వాచ్‌మన్ నా పక్కకు వచ్చి మెల్లగా, "రోజూ ఇంతే అక్కా. మీకు తెలుసనుకున్నా," అన్నాడు.

వెనక్కి తిరిగి మళ్ళీ షెడ్డుకే వెళ్ళిపోయాను. ఈయనకు ఇవాళ సెలవు అయి ఉండవచ్చు.

జూన్ 18, బుధవారం

సెలవు కాదు.

జూన్ 19, గురువారం

ఆ కాగితం గురించి ఇప్పుడు రాయాలి.

ప్రమాదం జరిగిన రోజు ఈయన డిపోలో ఒక మాట చెప్పారు. మలుపు దగ్గర స్టీరింగ్ ముందున్న బోర్డు మీద ఎర్రటి బ్రేకు లైటు టక్కున వెలిగి ఆరిపోయిందనీ, ఒక్క క్షణం కళ్ళు అటు మళ్ళాయనీ, అంతలో సైకిలు ముందుకొచ్చిందనీ. డిపో వాళ్ళు బస్సును పరీక్షిస్తే ఏ కోడూ లేదు. ఇంటికొచ్చి నాకూ అదే చెప్పారు. కోడ్ లేదంటే లైటు వెలగలేదండీ అన్నాను. ఈ మాట నీ నోట వెయ్యిసార్లు విన్నాను కదా అన్నట్టు చూసి, గదిలోకెళ్ళి పడుకున్నారు.

వారం తర్వాత యూనియన్ పెద్ద వచ్చాడు. లోపం లిప్తపాటు ఉండి పోతే లైటు వెలిగినా కోడ్ నమోదు కాకపోవచ్చు, అవునా కాదా అన్నాడు. అరుదుగానైనా అలా జరగొచ్చు. ఆ ముక్కే రాసి ఇమ్మన్నాడు. షెడ్డు పేరున్న కాగితం మీద రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. భార్యగా కాదు, పని తెలిసిన మనిషిగా రాస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి నేను ఆ లైటును నమ్మలేదు. నమ్మకుండానే రాశాను. విచారణలో అదే అక్కరకొచ్చింది. డ్రైవరు మీద తప్పు లేదంటే ఇక తప్పు సైకిలు వాడిదే కదా.

ఈ రెండు రోజులూ బుర్రలో ఒకటే తిరిగింది. కట్టుకున్నదే నమ్మకపోతే మనిషి ఏమైపోతాడు, నా అపనమ్మకమే ఈయన్ను ఆ సీట్లో కూలేసిందని. క్షమించమని అడగాలనుకునే ఇవాళ పదకొండింటికి సెల్లార్‌లోకి వెళ్ళాను. తలుపు తీసి, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చున్నాను. ఈయన ఉలిక్కిపడలేదు. రేడియో ఆపేశారు.

"బండిలో లోపం లేదు," అన్నాను.

"తెలుసు."

"లైటు వెలిగిందంటే నేను నమ్మలేదు. ఆ రోజే నమ్మి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. తప్పు నాదండీ."

ఈయన చెయ్యి చాపి ఫ్యాను కూడా ఆపేశారు.

"లైటు వెలగలేదు," అన్నారు.

తర్వాత అంతా చెప్పారు, గోడకు చెబుతున్నట్టు. వెనక ఎవరో ఇద్దరు సీటు కోసం గొడవ పడుతుంటే అద్దంలో చూశారట. ఎంతసేపు చూశారో తెలియదు. తల తిప్పేసరికి సైకిలు. దిగి చూస్తే టైలర్ రోడ్డు మీద పడి ఉన్నాడు. చుట్టూ జనం, ఏమైంది ఏమైంది అని ఒకటే అడగడం.

"ఏదో ఒకటి చెప్పాలిగా. నోటికి లైటని వచ్చింది. ఇంటికొచ్చాక నువ్వు లైటు వెలగలేదన్నావు. హమ్మయ్య, ఈవిడకు తెలిసిపోయింది, రేపు వెళ్ళి ఒప్పేసుకుందాం అనుకున్నా. రేపు రేపనుకుంటూ వారం గడిచింది. ఈలోపు నువ్వే కాగితం రాసిచ్చావు."

మొదటి రోజు డిపో దాకా వెళ్ళి బస్సెక్కారట. తాళం తిప్పాక చెయ్యి గేరు మీదికి పోలేదట. ఒంట్లో బాగాలేదని నెల సెలవు రాసిచ్చి వచ్చేశారు. నాకూ అత్తయ్యకూ ఏం చెప్పాలో తెలియక రోజూ ఇక్కడ కూర్చోవడం.

నేను ఓదార్చలేదు. క్యారేజీ సీట్లో పెట్టి లేచి వచ్చేశాను. క్షమాపణ చెప్పడానికి వెళ్ళి ఇంత కోపంతో పైకొస్తానని అనుకోలేదు. మెకానిక్ పేరు పెట్టుకుని ఒక పెళ్ళాం అబద్ధం రాసింది. ఆ అబద్ధాన్ని మోయలేక మొగుడు గోడ చూస్తూ కూర్చున్నాడు. ఎవరి మీద కోప్పడాలి?

జూన్ 21, శనివారం

రెండు రోజులుగా ఇంట్లో మాటల్లేవు. అత్తయ్యకు అసలే వినపడదు. ఇవాళ నన్ను పిలిచి, "మీరిద్దరూ మాట్లాడుకోవడం మానేశారా, నా చెవుడు ముదిరిందా? ముదిరితే చెప్పు, డాక్టరు దగ్గరికి పోదాం," అంది.

మీ చెవులు బాగానే ఉన్నాయత్తయ్యా అన్నాను. ఓహో అని ఊరుకుంది. సాయంత్రం కొడుకును కూడా పిలిచి అదే అడిగిందని తర్వాత తెలిసింది.

రాత్రి ఈయనే వంటగదిలోకి వచ్చి, టైలర్‌ను ఒక్కసారి చూసి రావాలని ఉందన్నారు. నేనూ వస్తానన్నాను.

జూన్ 23, సోమవారం

టైలర్ కొట్టు, ఇల్లు ఒక్కటే. మెట్ల కింద పొడుగాటి గది. వాకిలి దగ్గర తొక్కుడు మిషన్, దాని మీద గుడ్డ కప్పి ఉంది. దండెం మీద కత్తిరించి కుట్టని చొక్కాలు ఏడో ఎనిమిదో వేలాడుతున్నాయి. ఆయన మంచం మీద, కట్టు కట్టిన కుడికాలు ఎత్తుపీట మీద పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మిషన్ తొక్కేది కుడికాలితోనేనట. ఆ సంగతి నాకు అక్కడికెళ్ళేదాకా తోచలేదు.

ఈయన నిలబడే చెప్పారు. లైటు లేదు, నేను అద్దంలో చూస్తున్నాను, మీ తప్పు లేదు. మూడే మాటలు. నా కాగితం సంగతి నేను చెప్పాను.

టైలర్ అరుస్తాడనుకున్నాను. అరవలేదు. గొంతు పెంచకుండానే అన్నాడు.

"నలభై ఏళ్ళుగా అదే మలుపు తిరుగుతున్నా. చెయ్యి చాపకుండా ఏనాడూ తిరగలేదు. చూపించానని చెబితే ఒక్కడు వినలేదు. నా కొడుకే, ముసలితనంలో నీకు సైకిలెందుకని తిట్టాడు. అందరూ అదేపనిగా అంటుంటే నాకే అనుమానమొచ్చింది, నిజంగా చూపించానా లేదా అని. రోజూ పడుకుని గుర్తు తెచ్చుకోవడమే నా పని."

ఈయన తల వంచుకున్నారు. కళ్ళు తుడుచుకోబోతే టైలర్ ఒప్పుకోలేదు.

"ఏడవకు అబ్బాయ్. చెప్పేసి నువ్వు తేలికపడ్డావు. నా కాలు తేలికవ్వలేదు. ఇక్కడ చెప్పినమాట అక్కడికెళ్ళి చెప్పు. చెప్పాక రా."

మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. ఎందుకివ్వాలి?

జూన్ 24, మంగళవారం

రేపు డిపోకు. ఈయన రాసిన కాగితం నాలుగుసార్లు చింపి అయిదోసారి రాశారు. నాది ఒక్కసారికే వచ్చింది. మొదటిది కూడా ఒక్కసారికే వచ్చింది మరి.

మేస్త్రికి ముందే చెప్పాలి, కాగితం మీద ఉన్నది ఆయన షెడ్డు పేరు. చెప్పాను. డిపో చిన్న బస్సుల పని మనకే వస్తోంది, ఇక రాదు అన్నాడు. తెలుసన్నాను. మధ్యాహ్నం ఒక వ్యాన్ తాళాలు నా ముందు పడేసి, "నీ సంతకం చెడింది గానీ చెయ్యి చెడలేదుగా. దీని హెడ్‌లైట్లు చూడు," అన్నాడు.

జూన్ 25, బుధవారం

డిపో మేనేజరు రెండు కాగితాలూ చదివి, చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. మూసిన ఫైలమ్మా, దీన్ని తెరిస్తే మీ ఆయనకే నష్టం, మీరు నోరు మూసుకుంటే ఎవరికీ ఏమీ ఉండదు అన్నాడు. ఆ ఎవరికీలో టైలర్ లేడు. ఈయన అదే మాట ఆయనకు చెప్పారు, నేను కలగజేసుకోనవసరం లేకుండానే.

ఫైలు తెరిచారు.

బయటికొచ్చాక బస్టాపులో నిలబడ్డాం. నేను వెనక్కి తిరిగి తిరిగి డిపో గేటునే చూస్తున్నాను. ఈయన మాత్రం తాపీగా వచ్చే బస్సుల నంబర్లు చదువుతున్నారు. నాకు కొంచెం అసూయ వేసింది.

జూలై 5, శనివారం

తీర్పు వచ్చింది. టైలర్ తప్పు లేదని, చెయ్యి చూపించే తిరిగాడని, రాతపూర్వకంగా. ఈయనకు ఏడాది పాటు స్టీరింగ్ లేదు, బస్సులు కడిగే షెడ్డులో పని. ఏడాది తర్వాత మళ్ళీ పరీక్ష. నా కాగితాలు ఇక ఏ విచారణలోనూ తీసుకోరట. మంచిదే.

ఈయన ఆ ఉత్తరం నకలు పట్టుకుని టైలర్ దగ్గరికి ఒక్కరే వెళ్ళారు. ఆయన దాన్ని కొడుకు చేత పైకి చదివించుకున్నాడట, రెండుసార్లు. చదివాక కొడుకు గది బయటికి వెళ్ళి నిలబడ్డాడట. ఆసుపత్రికి మన కారులో తీసుకెళ్తానంటే మాత్రం టైలర్, "నీ బండెక్కను," అన్నాడట. ఆటో పిలిచి, పక్కన కూర్చుని తీసుకెళ్ళి తెచ్చారు. ఏడాదిలో మనసు మారుతుందిలెండి అన్నాను. మారకపోయినా తప్పులేదన్నారు.

జూలై 15, మంగళవారం

కట్టు విప్పారు. కాలు అతికింది గానీ చీలమండ వంగడం లేదు. తొక్కుడు మిషన్ తొక్కలేడు. ఇది విన్నప్పటి నుంచి నాకు కుదురు లేదు. కట్టు విప్పితే అంతా సర్దుకుంటుందని ఎందుకనుకున్నానో.

ఇవాళ చిన్న మోటారు తీసుకుని వెళ్ళాను. చక్రానికి బెల్టు వేసి, ఎడమ మోకాలితో పక్కకు నెడితే తిరిగేలా మీట అమర్చాను. వైర్లు కాళ్ళకు తగలకుండా బల్ల కిందుగా తీసుకెళ్ళాను. ఈయన దీపం పట్టుకుని నేల మీద కూర్చున్నారు. టైలర్ మంచం మీంచి అడుగడుక్కీ పేర్లు పెట్టాడు. మోటారుకు గుడ్డ మీద జాలి ఉండదన్నాడు. నలభై ఏళ్ళు నా కాలు చెప్పినట్టు విన్న మిషన్‌ను మీరు పరాయిదాన్ని చేస్తున్నారన్నాడు.

అయినా వచ్చి కూర్చున్నాడు. పాత గుడ్డముక్క పెట్టి మోకాలు నెట్టాడు. మిషన్ ఒక్క ఉరుకు ఉరికింది. కుట్టు వంకరగా పోయి అంచు దాటేసింది. ఆపి, ముక్కను వెలుతురులో పెట్టి చూశాడు. మళ్ళీ పెట్టాడు. ఈసారి నిదానంగా నెట్టాడు, సగం దాకా సరిగ్గానే వచ్చింది. నాలుగోసారికి దండెం మీంచి ఒక చొక్కా తెమ్మని ఈయనకు చెప్పాడు. నీలం గళ్ళది, దుమ్ము పట్టి ఉంది. దులిపి ఇచ్చారు. భుజం కుట్టాడు.

మొదట్లో మరీ దూకుతోంది, దాని దూకుడు తగ్గించాలన్నాడు. అందుకు వేరే రకం రెగ్యులేటర్ కావాలి, తెచ్చి వేస్తానన్నాను.

క్షమించానని ఆయన ఇంతవరకూ అనలేదు. గురువారం పదింటికల్లా ఇద్దర్నీ రమ్మన్నాడు, ఆలస్యం చేస్తే ఊరుకోనన్నాడు.